ముఖం కనిపించని హీరోని గీయడం

సూపర్‌హీరోలను తెర మీద చూడటమే తప్ప నేను కామిక్స్ ఎప్పుడూ చదివినదాన్ని కాదు. చదువుదామనుకున్న మొదటి రోజే బెదిరిపోయాను. స్పైడర్‌మ్యాన్ తొలిసారి కనిపించింది 1962లో, అమేజింగ్ ఫ్యాంటసీ 15వ సంచికలో. అప్పటినుంచి వందల సంచికలు. మధ్యలో మళ్లీ ఒకటో నంబరుతో మొదలైనవి కొన్ని, అదే పేరుతో వేరే లోకంలో నడిచేవి కొన్ని. అన్నీ వరసగా చదవాలని పట్టుబట్టి నెల రోజులు ఒక్క పేజీ కూడా తిప్పలేదు.

చివరికి పనికొచ్చింది సంపుటి. ఒక కథ మొదలై ముగిసేదాకా ఉన్న సంచికలన్నీ కలిపి వేస్తారు కదా, అది. 2000లో మొదలైన అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ తీసుకున్నాను. పాత కథలేవీ తెలియనివాళ్లకు కూడా అర్థమయ్యేలా అతని కథను మొదటినుంచి మళ్లీ చెప్పారందులో. ఎక్కడైనా తెలియని పేరు తగిలితే ఆగకుండా ముందుకెళ్లాను. అలా వెళ్లడమే మంచిదయింది.

బొమ్మలు వేయాలన్న కోరిక అక్కడే పుట్టింది. నా మొదటి బొమ్మకు మూడు సాయంత్రాలు పట్టింది. ఎక్కువ సమయం సాలెగూడు గీతలకే పోయింది. రెండు కళ్ల మధ్య నుంచి తిన్నని గీతలు నలువైపులా పరుచుకోవాలి, తర్వాత వాటిని కలుపుతూ వంపు గీతలు రావాలి, అవీ తల గుండ్రదనాన్ని అనుసరించాలి. గీతలన్నీ సరిగ్గానే వచ్చాయి. మనిషి మాత్రం కొయ్యబారి నిలబడ్డాడు.

కారణం స్పైడర్‌మ్యాన్ తొలి కథలకు బొమ్మలు వేసిన స్టీవ్ డిట్కో పేజీల్లో దొరికింది. 1966 నాటి అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 33వ సంచికలో హీరో పెద్ద యంత్రం కింద ఇరుక్కుపోతాడు. అతన్ని పెంచిన మే ఆంటీ ప్రాణం నిలబెట్టే మందు అందీ అందనంత దూరంలో ఉంటుంది. పైనుంచి నీళ్లు కారుతుంటాయి. అతను కొంచెం కొంచెంగా లేస్తున్నకొద్దీ ప్యానెళ్లు, అంటే పేజీలోని బొమ్మల గడులు, పెద్దవవుతూ, యంత్రాన్ని ఎత్తేసిన చోట ఒకే బొమ్మ పేజీ అంతా పరుచుకుంటుంది. ఇంత బాధలోనూ ముసుగు కదలదు. నోరు లేదు, కనుబొమలు లేవు. వంగిన మెడ, బిగిసిన భుజాలు, విచ్చుకున్న వేళ్లే అంతా చెబుతాయి. ఆ పేజీలు ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. నా దృష్టిలో బొమ్మలు నేర్చుకునేవాళ్లకు అంతకంటే మంచి పాఠం లేదు.

ఆ తర్వాత దుస్తుల జోలికి పోలేదు. నెల పాటు చేతులే గీశాను, నా ఎడమచేతిని ముందు పెట్టుకుని. రోజూ ఇరవై భంగిమలు, ఒక్కోదానికి అర నిమిషం. ముందు వెన్నెముక వంపు, తర్వాత భుజాలు, తర్వాతే మిగతావి. మామూలు మనిషి ఎత్తు ఏడున్నర తలలైతే హీరోలకు ఎనిమిది దాటిస్తారని కూడా అప్పుడే తెలిసింది. కానీ కొలత సరిచేసినంత మాత్రాన బొమ్మలో జీవం రాలేదు. భంగిమ మారితేనే వచ్చింది.

ఇంకో అలవాటు కూడా చేసుకున్నాను. ఏ చిత్రకారులు వేసిన భంగిమ చూసి గీస్తే వాళ్ల పేరు బొమ్మ కింద రాస్తాను. ఒక్కో పేజీ వెనక పెన్సిల్ వేసేవారు, ఇంక్ వేసేవారు, రంగులు వేసేవారు, అక్షరాలు రాసేవారు వేర్వేరుగా ఉంటారు. 1939లో వచ్చిన బ్యాట్‌మ్యాన్‌ను చిత్రకారుడు బాబ్ కేన్‌తో కలిసి తీర్చిదిద్దిన రచయిత బిల్ ఫింగర్ పేరు సృష్టికర్తగా అధికారికంగా చేరింది 2015లో. అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది. ఆ సంగతి చదివిన రాత్రి నాకు చాలా కష్టమనిపించింది. నా పాత బొమ్మలన్నీ తీసి, గుర్తున్నంత వరకు పేర్లు రాశాను.

మొన్న ఒక రఫ్ వేశాను. మేడ అంచున కూర్చున్న స్పైడర్‌మ్యాన్, మోకాళ్ల మీద వాలిన చేతులు. మా చెల్లి చూసి, "ఏమైందక్కా ఇతనికి, అంత దిగులుగా ఉన్నాడు?" అంది. ముసుగు మీద కళ్లు కూడా ఇంకా పెట్టలేదు. కుడిచేతి బొటనవేలు మాత్రం సరిగా కుదరలేదు, దాన్ని మళ్లీ గీస్తున్నాను.