వీపు కండ జోలికి పోకుండా

తెనాలిలో ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. మొన్నటేడు ఆషాఢంలో, ముహూర్తాలు లేక పని పల్చగా ఉన్న రోజుల్లో, స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చంక వైపున గట్టిగా ఏదో తగిలింది. మామోగ్రామ్ తీశారు, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. గడ్డ 1.8 సెంటీమీటర్లు.

మొదట చూసిన డాక్టరు గారు రిపోర్టు మీంచి తల ఎత్తకుండానే, "మొత్తం తీసేద్దాం. నలభై ఏడేళ్ళొచ్చాయి, ఇంకా దాంతో ఏం పని?" అన్నారు. మా ఆయన తలూపారు. నేను ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చున్నాను కానీ దారం ఎక్కించలేకపోయాను. ఆ మాట ఇప్పటికీ నాకు కోపం తెప్పిస్తుంది. నన్ను హైదరాబాదు తీసుకెళ్ళింది మా వదినే.

అక్కడి డాక్టరమ్మ ముందుగా చెప్పింది భయం తీర్చే మాట. చిన్న గడ్డలకు రొమ్ము ఉంచి గడ్డ వరకే తీసి, తర్వాత రేడియేషన్ ఇస్తే, మొత్తం తీసేసినవాళ్ళతో సమానంగానే బతుకుతారట. ఇటలీలో, అమెరికాలో ఇరవయ్యేళ్ళు వెంటబడి చూసిన లెక్కలు 2002లోనే వచ్చాయన్నారు. అయితే నాది చిన్న రొమ్ము. గడ్డతో పాటు చుట్టూ బాగున్న రొమ్ము భాగం కూడా కాస్త తీయాలి కాబట్టి గుంత పడుతుంది. రేడియేషన్ తర్వాత ఆ గుంత బిగుసుకుపోయి చనుమొనను పక్కకు లాగేస్తుంది. అందుకే ఆ ఆపరేషన్‌లోనే గుంత పూడ్చాలన్నారు.

పెద్ద రొమ్మైతే లోపల మిగిలినదాన్నే సర్ది మూసేస్తారు. గుడ్డ ఎక్కువుంటే మనం సర్దుకున్నట్టే. నాకు గుడ్డ చాలదు, అతుకు వేయాలి. ఆ అతుకు ఎక్కణ్ణుంచి తేవాలన్నదే ప్రశ్న.

"ఏం పని చేస్తారమ్మా?" అని అడిగారు. కుట్టుపని అన్నాను. "నూతిలో చేద లాగుతారా? బరువులు ఎత్తుతారా?" చీరల మూటలు ఎత్తుతాను, గంటల తరబడి ఇస్త్రీ చేస్తాను అన్నాను. అప్పుడు బొమ్మ గీసి చూపించారు. వీపు మీద వెడల్పాటి కండ ఒకటుంది, లాటిసిమస్ డోర్సై. దాన్ని రక్తనాళంతో సహా లేపి, చంక కిందనుంచి దూర్చి ముందుకు తెస్తారు. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పద్ధతి, రక్తం బాగా అందుతుంది, పెద్ద గుంతైనా నిండుతుంది. కానీ లాగే పనికి, చేతులు ఆనించి లేచే పనికి అక్కరకొచ్చేది ఆ కండే. వీపులో నీరు కూడా చేరుతుంటుంది.

రెండోది లైకాప్. చంక కింద పక్కటెముకల మీద మనకు వదులుగా మడత పడే చర్మం, కొవ్వు ఉంటాయే, అవి. పక్కటెముకల మధ్యనుంచి వచ్చే సన్నటి రక్తనాళం తెగకుండా ఆ ముక్కను లేపి, పైచర్మం పొర తీసేసి, లోపలికి మడిచి గుంతలో పెడతారు. కండ ముట్టుకోరు. రొమ్ముకు బయటి వైపు గుంతకే అది అందుతుంది, లోపలి వైపుకు రాదు. ఇంకాస్త దూరం అందాలంటే, వీపు వైపు చర్మం, కొవ్వు తెచ్చే టీడాప్ అనే పద్ధతి ఉంది, కానీ దాని నాళాన్ని ఆ వీపు కండలోంచి పోగు పోగుగా విడదీయాలి. నా గడ్డ బయటి వైపే. పైగా ఖర్మ చాలక రేపు మొత్తం తీయాల్సొస్తే వీపు కండ అప్పటికి చేతిలో ఉంటుంది. నాకు ఆ మాట నచ్చింది. లైకాప్‌కే ఒప్పుకున్నాను.

ఆపరేషన్ ముందు నన్ను నిలబెట్టి, బ్రా పట్టీ ఎక్కడ పడుతుందో వేసుకుని చూపించమన్నారు. కుట్టు దాని కిందే దాగాలట. రక్తనాళం ఎక్కడుందో వెతికే, పెన్నంత డాప్లర్ మొనను చంక కింద జెల్లు రాసి జరుపుతుంటే ఒకచోట "షుక్ షుక్" మని వినిపించింది. అక్కడ నీలం ఇంకుతో చిన్న గుర్తు పెట్టారు. ఇంకాస్త వెనక్కి మరొకటి. అది నా రక్తం పారే చప్పుడు. ఎన్ని వేల జాకెట్లకు సుద్ద గీతలు గీశానో, ఆ రోజు నా ఒంటి మీద గీస్తుంటే కళ్ళు మూసుకోలేదు, చూస్తూనే ఉన్నాను.

డ్రెయిన్ గొట్టం ఐదు రోజులు. చంకలో తీసిన గ్రంథుల్లో క్యాన్సర్ లేదు, కీమో తప్పింది. రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు వారాలు. అక్కడ పరిచయమైన ఒకావిడకు వీపు కండ తెచ్చి పెట్టారు, ఆవిడ గుంత నాకంటే చాలా పెద్దది. వీపులో చేరిన నీటిని వారం వారం సిరంజితో తీయించుకునేది. "బీరువా తలుపు గట్టిగా లాగితే రొమ్ము అదురుతుంది అక్కా" అని నా చెయ్యి తీసుకుని పెట్టి చూపించింది. ఆకారం మాత్రం చక్కగా నిండుగా వచ్చింది. ఆవిడకు అదే సరైనది, నా పద్ధతి చాలేది కాదు.

నాకూ ఒక గండం వచ్చింది. ఎనిమిదో నెలలో, అతుకు పెట్టిన చోటే శనగగింజంత గట్టిగా తగిలింది. స్కానింగ్, మళ్ళీ సూది. ఫలితం వచ్చేదాకా నాలుగు రోజులు అన్నం సయించలేదు. రక్తం సరిగా అందక కొంచెం కొవ్వు చచ్చి గట్టిపడిందట, అంతే. లైకాప్ అయినా ఇంకేదైనా ఇలా జరగొచ్చని ముందే చెప్పారు, కానీ చేతికి తగిలినప్పుడు అవేవీ గుర్తుండవు.

ఇది చదివే ఆడవాళ్ళకు ఒక్కటే చెప్తాను: ఈ ప్రశ్నలన్నీ ఆపరేషన్ బల్ల ఎక్కకముందే అడగండి. రేడియేషన్ పడ్డాక గుంత పూడ్చడం చాలా కష్టం.

అయిదో వారానికి మిషన్ ఎక్కాను. ఇప్పుడు ఇస్త్రీపెట్టె ఎడం చేత్తోనూ ఎత్తుతున్నాను, క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామోక్సిఫెన్ మాత్ర రోజూ వేసుకుంటున్నాను. మొన్న సంక్రాంతికి నాకు నేనే జాకెట్టు కుట్టుకున్నాను. ఎడమ వైపు డార్టు పావంగుళం లోపలికి పట్టాను. సరిపోయింది.