ఈమెయిల్ చిరునామా సరిచూడటం: నా అనుభవం

గుంటూరు బ్రాడీపేటలోని ఒక శిక్షణ కేంద్రానికి దరఖాస్తు ఫారం నేనే తయారుచేశాను. ఈమెయిల్ సరిచూడటానికి పాత రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల వరుస ఎలా ఉండాలో చెప్పే సూత్రం) ఒకటి పెట్టి, ఇక దాని సంగతి మరిచిపోయాను.

గడువుకు ఒకరోజు ముందు తెనాలి నుంచి ఒక అమ్మాయి బస్సెక్కి వచ్చింది. "ఎన్నిసార్లు కొట్టినా నా మెయిల్ తప్పంటోంది సార్" అంది. నా ఎదుటే కూర్చుని ఒక్కో అక్షరం ఆచితూచి టైపు చేసింది. మళ్లీ అవే ఎర్రక్షరాలు. ఆమె చిరునామాలో చివరి చుక్క తర్వాత 'ఆన్‌లైన్' అని ఉంది. ఇంగ్లిషులో ఆరక్షరాలు. నా కోడు అక్కడ రెండు నుంచి నాలుగు అక్షరాలే ఒప్పుకుంటుంది. తప్పంతా నాదే. ఆమె దరఖాస్తు అప్పటికప్పుడు నేనే నమోదు చేశాను గానీ, మనసు కుదుటపడలేదు. బస్సెక్కి రాలేనివాళ్లు ఎందరో!

ఆ రాత్రే సర్వర్ కోడు తిరగరాశాను. బ్రౌజర్‌లో చేసే తనిఖీని ఎవరైనా దాటేయగలరు, కాబట్టి అసలు కాపలా సర్వర్‌లోనే ఉండాలి. ముందు ట్రిమ్ అనే ఫంక్షన్‌తో అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసేశాను. ఫోను కీబోర్డు చూపిన పదాన్ని నొక్కితే చివర ఒక ఖాళీ చేరుతుంది, అది కంటికి కనబడదు. తర్వాత నా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ తీసేసి, నేను సర్వర్ కోడు రాసే భాష పీహెచ్‌పీలో 5.2 వెర్షన్ నుంచీ ఉన్న ఫిల్టర్ వార్ (filter_var) ఫంక్షన్‌కే ఆ పని అప్పగించాను. @ ముందుండే పేరులో కూడిక గుర్తు ఉన్నా అది ఒప్పుకుంటుంది. కొత్త లైను గుర్తు దాచి మన మెయిల్ హెడర్లలోకి (ఎవరికి, ఎవరి నుంచి అని ఉండే పైభాగంలోకి) వేరే చిరునామాలు చొప్పించాలని చూస్తే ఆపేస్తుంది. అయితే తెలుగు లిపిలో '.భారత్' అని ముగిసే డొమైన్‌ను (@ తర్వాతి భాగాన్ని) ఉన్నదున్నట్లు ఇస్తే తిప్పికొడుతుంది. ముందుగా డొమైన్‌ను ప్యూనీకోడ్‌లోకి, అంటే ఇంగ్లిషు అక్షరాలు, అంకెలతో రాసే రూపంలోకి మార్చాలి. మన లిపిలో చిరునామా పెట్టుకున్నవారికి మన ఫారమే అడ్డుపడితే ఎలా?

ఆ డొమైన్‌కు మెయిల్ అందుకునే సర్వర్ ఉందో లేదో డీఎన్ఎస్‌లో (డొమైన్ల వివరాలుండే ఇంటర్నెట్ చిట్టాలో) ఎంఎక్స్ (MX) రికార్డు చెబుతుంది. అది లేకపోయినా, డొమైన్ ఐపీ చిరునామా చెప్పే 'A' రికార్డు ఉంటే మెయిల్ చేరవచ్చు, అందుకే రెండూ చూస్తున్నాను.

ఇన్ని దాటినా ఆ మెయిల్ పెట్టె దరఖాస్తుదారుదేనని తేలదు. అందుకే ఊహించలేని టోకెన్‌తో (గుర్తింపు కోడుతో) 24 గంటలు పనిచేసే లింకు పంపుతున్నాను. మొదటి లింకు తెనాలి అమ్మాయికే వెళ్లింది. పది నిమిషాల్లో ఫోను చేసి, "వచ్చింది సార్, నొక్కాను" అంది.