షోరూం వాళ్ళు 62 వేలు అన్నారు, ఆటోనగర్‌లో 1,800కి అయింది

కారు నిన్న సాయంత్రం ఇంటికొచ్చింది. కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

సోమవారం పొద్దున కాలేజీకి బయల్దేరితే సెల్ఫ్ బాగానే కొడుతోంది గానీ ఇంజిన్ అందుకోవట్లేదు, ఆర్పీఎం ముల్లు సున్నా దగ్గరే పడుకుంది. ఇంజిన్ కోడ్లు ఫోన్‌లో చూపించే చిన్న బ్లూటూత్ డాంగిల్ నా దగ్గరుంది, స్టీరింగ్ కింద సాకెట్లో పెట్టి చూశా, ఇంజిన్‌తో కనెక్ట్ కాలేదు. టోయింగ్ బండి గంటలో వచ్చింది.

అసలు కథ షోరూంలో. కార్లోని కంప్యూటర్లతో మాట్లాడే స్కానర్ పెట్టారు. బ్రేకుల కంప్యూటర్ ఏబీఎస్ పలికింది, ఎయిర్‌బ్యాగ్ పలికింది, ఇంజిన్ మాత్రం పలకలేదు. ఏబీఎస్‌లో యూ0100 అని కోడ్ కనపడింది. అంటే ఇంజిన్ కంప్యూటర్ నుంచి నాకు మాటలు అందట్లేదని ఏబీఎస్ చెప్పుకుంటోంది, అంతే. ఇంజిన్ కంప్యూటర్ చచ్చిపోయిందని కాదు. కానీ సర్వీస్ అడ్వైజర్ పావుగంటలో తేల్చేశాడు, ఈసీఎం (అదే, ఇంజిన్ కంప్యూటర్) పోయింది, 62 వేలు అని. పైగా డ్యాష్‌బోర్డు మీద డాంగిల్ చూసి, "మీరు ఇలాంటివి పెట్టబట్టే పోయింది సార్, వారంటీ రాదు" అని జాబ్ కార్డు మీద రాసేశాడు. పక్కన మా మామగారు. డాంగిల్ తీసేసినా స్కానర్‌కి ఇంజిన్ దొరకట్లేదు కదా, వైరింగ్ చూశారా అని అడిగితే, "ఇదంతా ఎలక్ట్రానిక్స్ సార్, చెప్పినా మీకు అర్థం కాదు" అన్నాడు. నేను 19 ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తున్నాను! మామగారు ఏమీ అనలేదు, వాటర్ బాటిల్ మూత తిప్పుకుంటూ కూర్చున్నారు, అదే ఎక్కువ బాధేసింది.

సంతకం పెట్టకుండా కారు మళ్ళీ టోయింగ్ ఎక్కించి విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళా. అక్కడి ఎలక్ట్రీషియన్‌ బాబాయ్‌కి అరవై పైబడి ఉంటాయి. స్కానర్ ముట్టుకోలేదు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్లో మల్టీమీటరు పెట్టి, 16వ పిన్నులో బ్యాటరీ కరెంటు, 4, 5 పిన్నుల్లో ఎర్త్ ఉన్నాయని చూసుకున్నాడు. తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీసి, ఒక టీ తాగొచ్చి, 6కీ 14కీ మధ్య ఓమ్స్ కొలిచాడు. 119.8.

"అరవై రావాలి మాస్టారూ" అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. 6, 14 పిన్నులకొచ్చేది క్యాన్ లైను, అంటే కార్లోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జంట తీగలు. దాని రెండు చివర్లా చెరో 120 ఓమ్ నిరోధం ఉంటుంది, సమాంతరంగా కలిస్తే 60. ఏటా బోర్డు మీద వేసే లెక్కే! 120 వచ్చిందంటే ఒక చివర మీటరుకి అందట్లేదన్నమాట. బాబాయ్ ఈసీఎం ప్లగ్గు పీకి మళ్ళీ కొలిచాడు, అదే 119.8, ఏమీ మారలేదు. ఈసీఎం పిన్నుల మీద నేరుగా పెడితే అక్కడ 120 చక్కగా ఉంది. ఈసీఎం చివర బాగానే ఉంది, మధ్యలో దారి తెగింది.

బ్యాటరీ ట్రే పక్కన టేపు విప్పాడు. మెలేసిన జంట తీగల్లో ఒకదాన్ని ఎలుక కొరికింది, పై తొడుగు పోయి, లోపల రాగి పచ్చబడి పొడిపొడిగా రాలుతోంది. దాన్ని కోసేసి, కొత్త ముక్క టంకం పెట్టి, స్లీవ్ వేసి, పాత మెలికలే మళ్ళీ తిప్పాడు, మెలిక విప్పేస్తే బయటి నాయిస్ ఎక్కుతుందట. మీటరు పెడితే 60.1. బ్యాటరీ తగిలించి తాళం తిప్పగానే స్టార్టయింది. కూలీ 1,800, మామగారే ఇచ్చేశారు.

ఎవరికైనా ఇలా వస్తే, మాడ్యూల్ (ఇలాంటి కంప్యూటర్ డబ్బా) పోయిందన్న ప్రతివాడినీ "6, 14 మధ్య ఎంత వచ్చింది?" అని అడగండి. కొలవలేదంటే డబ్బు కట్టకండి. సున్నా దగ్గర వస్తే రెండు తీగలూ ఎక్కడో తగులుకున్నట్టు. బ్యాటరీ తీయకుండా కొలిస్తే ఆ అంకెను నమ్మొద్దు. డాంగిల్ ఎప్పుడూ సాకెట్లోనే వదిలేయడం కూడా తప్పే, బ్యాటరీ తాగేస్తుంది, అంతవరకు ఒప్పుకుంటా.

ఇందాకే షోరూం నుంచి ఫీడ్‌బ్యాక్ కాల్ వచ్చింది, పదికి పది ఇవ్వమంది ఆ అమ్మాయి. ఓమ్స్ ఎంత రావాలో మీ అడ్వైజర్ని అడిగి చెప్పమ్మా, వెంటనే ఇస్తా అన్నాను. హోల్డ్‌లో పెట్టింది, పాట మొత్తం అయ్యాక కట్ అయింది.