పసుపు ముద్ద: దుగ్గిరాల కొమ్ములతో ఈ విడత

గ్లాసులో కలుపుకుని తాగే ఈ ముద్దలో ఈసారి మార్పులు రెండే. నూనెలో సోయా లెసిథిన్ (నూనె, నీళ్లు విడిపోకుండా కలిపి ఉంచేది) చేరింది, మిరియాలు ముద్దలోంచి బయటికొచ్చాయి.

పసుపులోని కర్క్యుమిన్ నీళ్లలో కరగదు. ఒంటికి పట్టిన ఆ కాస్తనూ పేగులు, కాలేయం గబగబా మార్చేసి బయటికి పంపేస్తాయి. మొదటి చిక్కుకు విరుగుడు నూనె, రెండోదానికి మిరియాల్లోని పైపరిన్ అనే ఘాటు పదార్థం.

దుగ్గిరాల కొమ్ములు ఆడించిన పొడి 30 గ్రాములు, నీళ్లు 120 మి.లీ., గానుగ నువ్వుల నూనె 25 మి.లీ., లెసిథిన్ 2.5 గ్రాములు. లెసిథిన్‌ను ముందే గోరువెచ్చని నూనెలో నానబెట్టాలి. నేరుగా నీళ్లలో వేస్తే జిగట ఉండలు కడుతుంది, అవి మిక్సీకి కూడా లొంగవు. పొడి, నీళ్లు కలిపి సన్నసెగ మీద 7–8 నిమిషాలు ఉడికిస్తే చాలు. ఎక్కువసేపు మరిగితే కర్క్యుమినే తగ్గిపోతుంది. దించి, వేలు పెట్టగలిగే వేడికి వచ్చాక మిక్సీలో తిప్పుతూ నూనెను సన్నటి ధారగా పోయాలి. ఒక్కసారి గుమ్మరిస్తే తెల్లారేసరికి నూనె పైకి తేలుతుంది.

పరీక్ష: గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచా ముద్ద కలిపి అరగంట కదపకుండా ఉంచడం. లెసిథిన్ లేని ముద్దకు పైన నూనె చుక్కలు, అడుగున గరుకు మడ్డి. ఈ విడతది పచ్చటి పాలలా నిలిచింది, అడుగున పల్చటి పొర మాత్రమే. ఎంత బాగా కలిసిందో ఇది చెబుతుంది. రక్తంలోకి ఎంత చేరిందో చెప్పదు.

మిరియాల లెక్క దగ్గరే చాలామంది అతి చేస్తారు. బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు 1998లో 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మి.గ్రా. పైపరిన్ జోడించి, ఒంటికి కర్క్యుమిన్ అందుబాటు 2000 శాతం పెరిగిందని చూపారు. మిరియాల్లో పైపరిన్ సుమారు 5 శాతం కాబట్టి, 20 మి.గ్రా. అంటే 0.4 గ్రాములే, 8–10 గింజలు. మన రెండు చెంచాల ముద్దలో పసుపు 2.5 గ్రాములు, 3 శాతం అనుకున్నా కర్క్యుమిన్ 75 మి.గ్రా. వాళ్ల ఫలితాన్ని మన గ్లాసుకు అతికించకూడదు. రోజుకు ఆ 8–10 గింజలే ఎక్కువ. మిరియాలు ముద్దలో కలపకుండా తాగేముందు దంచుకుంటే ఘాటు పోదు.

వంటసోడా తగిలి ముద్ద ఎర్రబడితే పారబోయాలి, క్షారంలో కర్క్యుమిన్ విరిగిపోతుంది. వెలుతురు కూడా పడదు. బెజవాడ ఎండల్లో బయట అసలు ఉంచొద్దు. మూత ఉన్న స్టీలు డబ్బాలో, ఫ్రిజ్‌లో, రెండు వారాల లోపు.

ఫెనిటాయిన్, థియోఫిలిన్, ప్రొప్రనలాల్ వాడేవాళ్లకు పైపరిన్ వల్ల రక్తంలో మందు మోతాదు పెరగొచ్చు. వాళ్లూ, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లూ, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లూ డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టాలి.