రాగం తెలియని న్యాయమూర్తి

పదమూడేళ్ల మా అమ్మాయి ఈ ఏడు పాటల పోటీకి రానని తేల్చి చెప్పింది. కారణం అడిగితే నాకే ప్రశ్న వేసింది: "నాన్నా, నేను పాడేది మోహనమో కల్యాణో నీకు తెలియదు కదా, మరి బాగా పాడానని ఎలా అంటావు? ర్యాప్ గురించీ నీకేమీ తెలియదు, అది సంగీతమే కాదని ఎలా అంటావు?"

నిరుడు ఆమెకు బహుమతి వచ్చినప్పుడు న్యాయనిర్ణేతల పాండిత్యాన్ని పొగుడుతూ గుంటూరు దాకా ఫోన్లు చేసిన మాటా, అంతకుముందు ఏడు రానప్పుడు "ఎవరి అభిరుచి వారిది, వాళ్ల చెవికి ఎక్కలేదు" అని కొట్టిపారేసిన మాటా నాకు గుర్తున్నాయి. ఆమెకు ఇంకా బాగా గుర్తున్నాయి. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి జరుగుతున్న త్యాగరాజ ఆరాధనలో ఒక కచేరీకి వెళ్లి, మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే మోగే తనియావర్తనం మొదలయ్యేదాకా కునుకు తీసి, బయటికి వచ్చాక "అద్భుతం" అన్న రసికుణ్ణి నేను.

అయినా ఓడిపోవడం ఇష్టంలేక బాలసుబ్రహ్మణ్యం గారిని అడ్డం పెట్టుకున్నాను. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోకుండానే శంకరాభరణం పాటలకు జాతీయ పురస్కారం అందుకున్నారు కదా, కాబట్టి నేర్చుకున్నవాళ్లకే తెలుస్తుందనడం తప్పని వాదించాను. "నేర్చుకోకపోయినా ఆయన పాడగలిగారు నాన్నా, నువ్వు పాడలేవుగా" అంది. అప్పటిదాకా నవ్వు ఆపుకుంటున్న మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

శ్రుతి తప్పడం, ఆది తాళంలో ఎనిమిది లెక్కల చుట్టు, అంటే ఆవర్తనం, దాటిపోవడం అభిరుచికి సంబంధించినవి కావు. అవి తప్పులే, వాటిని పట్టుకోవడానికి తెలిసిన చెవి కావాలి. ఆ హద్దు దాటాక మాత్రం తెలిసినవాళ్లకే ఏకాభిప్రాయం లేదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు నాలుగే స్వరాలతో మహతి రాగాన్ని కల్పిస్తే వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ గట్టిగా ఆక్షేపించారు. ఇద్దరిలో ఎవరికీ పాండిత్యం తక్కువ కాదు. ఈ ఉదాహరణ నా వాదాన్ని నిలబెడుతుందో కూలుస్తుందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

మరునాడు ఆమె 2018లో పులిట్జర్ సంగీత బహుమతి పొందిన ర్యాప్ గాయకుడు కెండ్రిక్ లామార్ పాట ఒకటి పెట్టి, బల్ల మీద తాళం వేస్తూ, మాట ఎక్కడ తాళం కంటే ముందు ఎత్తుకుంటున్నదో, ఎక్కడ తాళం పడ్డాక వస్తున్నదో చూపించి, ఇవి అతీతం, అనాగతం అని మా గురువుగారు చెప్పినవే కదా అంది. ఉత్పలమాలకు యతి పదో అక్షరమని బడిలో బట్టీపట్టిన నాకు, ఆ మాటల్లో ప్రాస పాదం చివర మాత్రమే కాక నడుమ నడుమ తిరిగి వస్తున్న సంగతి ఒక్కసారి వినిపించింది. ఇంట్లో రెండు సంగీతాలూ తెలిసినది ఆమె ఒక్కతే అన్న సంగతి అంతకంటే గట్టిగా వినిపించింది.

తోటి తల్లిదండ్రులకు "పిల్లల పాటలను ముందు వినండి, తరువాత తీర్పు చెప్పండి" అని సలహా ఇద్దామని ఇది మొదలుపెట్టాను. కానీ నేను సంగీతమని కాపాడుకుంటున్నది అసలు సంగీతమేనా అని ఇప్పుడు అనుమానం వస్తున్నది. నాకు కావలసింది తెల్లవారుజామున విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని, అమ్మ కలుపుతున్న కాఫీ, నాన్న బావి దగ్గర చప్పుడు. ఆ తెల్లవారుజామును ఈ పిల్ల గొంతులో వెతుక్కుంటూ, దొరికిన రోజున "బాగా పాడావు" అంటున్నానేమో. అదే నిజమైతే నాది పాండిత్యమూ కాదు, అభిరుచి అనడానికీ సందేహమే.

పోటీ దరఖాస్తును ఆమెకు చెప్పకుండా సగం నింపి ఉంచాను. పంపలేదు, చెరపనూ లేదు. ఆ ర్యాప్ పాటను ఆఫీసుకు వెళ్తూ కారులో ఒంటరిగా మరో రెండుసార్లు విన్నాను. నచ్చలేదు. అయితే ఈసారి నచ్చలేదని మాత్రమే అన్నాను, బాగాలేదని అనలేదు. అది కూడా కారు అద్దాలన్నీ మూసి ఉన్నప్పుడు.