పెన్నేరు పొడి కూడా మందే

యాంగ్జైటీతో, అంటే అదుపులో లేని ఆందోళనతో బాధపడేవాళ్లు మన ఇళ్లల్లో తరచూ వినే మాటలు రెండు. ఒకటి, "ఊరికే ఆలోచించకు, అదే తగ్గిపోతుంది". రెండోది, "రాత్రి పాలల్లో కాస్త అశ్వగంధ కలుపుకుని తాగు, మూలికే కదా, ఏమీ కాదు". రెండూ ప్రేమతో చెప్పేవే, కానీ రెండూ తప్పే.

ఆలోచించకు అంటే ఆగేది కాదిది. మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ప్రమాదాన్ని పసిగడుతుంది, దాని హెచ్చరికతో కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు వదులుతాయి, గుండె దడ, చెమటలు, కడుపులో తిప్పడం అన్నీ అలా మొదలవుతాయి. ఈ జబ్బు ఉన్నవాళ్లకి ఎదురుగా ఏ ప్రమాదమూ లేకపోయినా ఇదంతా జరుగుతుంది. జన్యువుల పాత్ర కూడా ఉంది, కవలల మీద చేసిన పరిశోధనల్లో అది దాదాపు మూడో వంతని తేలింది. థైరాయిడ్ ఎక్కువైనా అచ్చం ఇవే లక్షణాలు కనిపిస్తాయి, అందుకే ముందు థైరాయిడ్‌కి చేసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఇక అశ్వగంధ, అదే మన పెన్నేరు గడ్డ. అది పని చెయ్యదని నేననను. హైదరాబాద్‌లో 64 మందితో చేసిన ట్రయల్ ఒకటి 2012లో అచ్చయింది, అందులో వేరు సారం రోజుకు 600 మిల్లీగ్రాముల చొప్పున 60 రోజులు తీసుకున్నవాళ్లకి ఒత్తిడీ తగ్గింది, రక్తంలో కార్టిసాలూ తగ్గింది. కాకపోతే చేసింది కొద్దిమందితో, వాళ్లు కూడా చాలాకాలంగా ఒత్తిడిలో ఉన్నవాళ్లే గానీ పానిక్ డిజార్డర్ (ఉన్నట్టుండి విపరీతమైన భయం ముంచుకొచ్చే జబ్బు) లాంటి వాటికి వైద్యం చేయించుకుంటున్నవాళ్లు కాదు.

అయినా కార్టిసాల్‌ని తగ్గించగలిగిన వేరు ఒంట్లో ఇంకెక్కడా ఏమీ చెయ్యదని ఎలా నమ్ముతాం? అది థైరాయిడ్ హార్మోన్లని పెంచగలదు, అంటే దేనికోసం తాగుతున్నారో ఆ దడే ఎక్కువ కావచ్చు. లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. గర్భిణులు అసలు వాడకూడదు. డెన్మార్క్ 2023లో దీన్ని నిషేధించింది కూడా.

సర్పగంధి సంగతి చూడండి. మన దేశంలో ఎప్పటినుంచో వాడుతున్న ఆ వేరు నుంచే 1952లో రెసర్పిన్‌ని విడదీశారు, బీపీకీ మానసిక జబ్బులకీ ఇచ్చారు, అది మెదడులో మన మూడ్‌తో ముడిపడిన సెరటోనిన్, డోపమైన్ అనే రసాయనాల నిల్వల్ని ఖాళీ చేసేస్తుంది. మనసు కుదుటపడాలని తీసుకున్నవాళ్లలో కొందరు డిప్రెషన్‌లోకి వెళ్లారు. అదీ మూలికే! అమెరికాలో ఉన్న మనవాళ్లకి షాపుల్లో సులువుగా దొరికే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక కూడా అంతే, యాంగ్జైటీకి రాసే, సెరటోనిన్‌ని పెంచే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మాత్రలతో కలిపి వేసుకుంటే సెరటోనిన్ మోతాదు మించి ప్రాణం మీదికి రావచ్చు.

పొడి మొదలుపెట్టాం కదా అని డాక్టరు రాసిన మాత్రలు మాత్రం హఠాత్తుగా ఆపేయకండి. డాక్టరు దగ్గరికి ఆ పొడి డబ్బా పట్టుకెళ్లండి, అడక్కపోయినా చూపించండి. వెంటనే వెళ్లే వీల్లేకపోతే 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అక్కర్లేదు.