పరుగు లెక్కల్లో మాత్రల వరుస

విశాఖపట్నం బీచ్ రోడ్డులో తెల్లవారుజామున పరుగెత్తే మా చిన్న బృందానికి ఒక నియమం ఉంది. ఆ రోజు ఎవరు ఎంత దూరం పరుగెత్తారు, కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు పట్టింది, పరుగులో గుండె వేగం ఎంత ఉంది, నిద్ర లేవగానే నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంది అన్న వివరాలను సాయంత్రంలోగా మిగిలిన వారికి పంపాలి. పోర్టులో పనిచేసే ఒక గుమస్తా, స్టీలు ప్లాంటులో షిఫ్టు డ్యూటీలు చేసే ఇద్దరు, ఇంజనీరింగ్ చదువుతున్న ఒక అమ్మాయి, రైల్వేలో పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన, ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించే నేను, మరికొందరు ఇందులో ఉన్నాము. ఆ పెద్దాయన ఏనాడూ పాఠాలు చెప్పకపోయినా మా అందరికీ ఆయన మాస్టారే. పోటీల్లో బహుమతులు గెలిచేవారు మాలో ఎవరూ లేరు. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి అయిదు కిలోమీటర్లు పూర్తి చేసిన వారిని, సొంత సమయాన్ని అర నిమిషం మెరుగుపరచుకున్న వారిని మనసారా అభినందించడం మాకు అలవాటు. 2024లో నాకు క్షయ సోకినప్పుడు ఆ జబ్బు త్వరగా బయటపడడానికీ, ఆరు నెలల చికిత్స ఒక్క పూట కూడా తప్పకుండా పూర్తి కావడానికీ ఈ అలవాటు ఎంతగా తోడ్పడిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ ఏడాది మే నెలాఖరున నా పరుగు మెల్లగా బరువెక్కసాగింది. మామూలుగా కిలోమీటరుకు ఏడు నిమిషాల వేగంతో, పక్కవారితో మాట్లాడుతూ సాగిపోయే పరుగులో నా గుండె నిమిషానికి 140 సార్లకు అటూ ఇటూగా కొట్టుకునేది. అదే వేగానికి అది 155 దాటడం మొదలైంది. ఉదయం లేవగానే 56 దగ్గర ఉండే నాడి 70కి చేరువైంది. కుడి పక్కటెముకల కింద, గట్టిగా గాలి పీల్చినప్పుడు మాత్రమే, పొడిచినట్టు నొప్పి వచ్చేది. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది, పొడి దగ్గు ఉండేది. విశాఖలో ఆ రోజుల్లో ఎండకంటే ఉక్కపోతే ఎక్కువ బాధిస్తుంది, తెల్లవారుజామున కూడా చొక్కా పిండితే నీళ్లు కారతాయి. అందువల్ల ఈ మార్పులన్నీ వాతావరణానివేనని అనుకోవడానికి తగినంత ఆస్కారం ఉంది. జూన్ రెండో వారానికి నొప్పి తగ్గిపోయింది కూడా. కానీ కురుసుర జలాంతర్గామి మ్యూజియం దాటే సరికే ఆయాసం రావడం మొదలైంది.

ప్రతి ఆదివారం అందరి లెక్కలనూ ఒక పట్టికగా వేసే మాస్టారు నాకు ఫోన్ చేసి, "అమ్మా, ఉక్కపోత అందరికీ ఒకటే కదా. అదే రోడ్డు మీద, అదే గంటకు పరుగెత్తిన మిగతావాళ్ల గుండె వేగం ఏమీ మారలేదు. నీ ఒక్కదానిదే మూడు వారాలుగా పెరుగుతూ వస్తోంది. రేపే డాక్టరుకు చూపించుకో" అన్నారు. ఆ మాటలోని తర్కం నన్ను కదిలించింది. ఒక మనిషి తన లెక్కలను తాను మాత్రమే చూసుకుంటే ఎండనూ, నిద్రలేమినీ, వయసునూ కారణాలుగా చూపించి సరిపెట్టుకోవచ్చు. పదిమంది లెక్కలు పక్కపక్కన ఉన్నప్పుడు అందరికీ ఉమ్మడిగా ఉన్న కారణాలు వాటంతట అవే తొలగిపోతాయి, ఆ మనిషికి మాత్రమే సంబంధించినది మిగులుతుంది. ప్రయోగశాలలో పిల్లలకు నేను ఏటా బోధించే సూత్రమే అది.

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగుభాగం తెల్లగా కనిపించింది. ఊపిరితిత్తి చుట్టూ ఉండే రెండు పొరల మధ్య నీరు చేరిందని డాక్టరు చెప్పారు. మొదట్లో వాచిన ఆ పొరలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్ల నొప్పి వచ్చిందట. నీరు పెరిగి అవి ఎడమైన తర్వాత నొప్పి పోయి, ఊపిరితిత్తి నొక్కుకుపోయి ఆయాసం మొదలైందట. నొప్పి తగ్గడం నయం కావడానికి గుర్తు కాదని నాకు అప్పుడు తెలిసింది. బల్ల మీదికి వంగి కూర్చోబెట్టి, వీపున మత్తు సూది వేసి, దాదాపు ఒక లీటరు నీరు తీశారు. అది లేత గడ్డి రంగులో ఉంది. పరీక్షలో లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు అధికంగా ఉన్నాయి, ఏడీఏ అనే ఎంజైము మోతాదు క్షయను అనుమానించే హద్దైన 40 కంటే బాగా ఎక్కువగా వచ్చింది. మిగిలిన లక్షణాలతో కలిపి చూసి, ఇది ఊపిరితిత్తి పొరకు సోకిన క్షయ అని నిర్ధారించారు. కళ్లెలో క్రిములు కనిపించలేదు, ఊపిరితిత్తిలోపల మచ్చలు లేవు. కాబట్టి నా వల్ల ఇతరులకు సోకే అవకాశం దాదాపు లేదని చెప్పారు. అయినా ఇంట్లోవారందరినీ పరీక్ష చేయించాము, ఎవరికీ జబ్బు లేదని తేలింది.

ఇంట్లో అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. మా అత్తగారి చిన్నతనంలో వారి బంధువు ఒకాయనను క్షయ వైద్యం కోసం మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియానికి పంపారు. ఆయన తిరిగి వచ్చినా ఆ ఇంటితో వియ్యమందడానికి ఎవరూ ముందుకు రాలేదట. "ఎవరికీ చెప్పకమ్మా, పరుగువాళ్లకు అసలు చెప్పకు" అని ఆవిడ నన్ను బతిమాలారు. ఆవిడ భయం నిజమైన అనుభవం నుంచి పుట్టినది, దానిని నేను తేలిక చేయలేను. కానీ ప్రతి సాయంత్రం నాకు తమ లెక్కలు పంపే మనుషులకు, నా లెక్కలు చూసి నన్ను ఆసుపత్రికి పంపిన మనుషులకు, అబద్ధం చెప్పి తప్పుకోవడం నాకు సాధ్యం కాలేదు. రోగ నిర్ధారణ జరిగిన సాయంత్రమే, జబ్బు పేరు, అది అంటేది కాదన్న సంగతి, చికిత్స ఎంతకాలం ఉంటుందన్నది నాలుగు వాక్యాల్లో రాసి పంపాను. చాలాసేపు సమాధానం రాలేదు. మొదటి జవాబు స్టీలు ప్లాంటు తమ్ముడి నుంచి వచ్చింది: "అక్కా, మాత్రలు ఏ టైముకి వేసుకోవాలి?"

పరగడుపున వేసుకోవాలి. నేను ఉదయం అయిదు గంటలను ఎంచుకున్నాను, వారు బీచ్ రోడ్డులో ఒళ్లు వేడెక్కించుకునే సమయం అది. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అనే నాలుగు మందులు కలిసిన మాత్రలు ఇస్తారు. ఆ తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగిలిన మూడు మందులతో కొనసాగిస్తారు. రోజుకు ఎన్ని మాత్రలన్నది బరువును బట్టి ఉంటుంది, నాకు నాలుగు వచ్చాయి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో వీటిని ఉచితంగా ఇస్తారు. మాస్టారు తన ఆదివారం పట్టికలో నా పేరుకు ఎదురుగా కిలోమీటర్ల గడిని అలాగే ఉంచి, దాని పక్కన మాత్రలకు మరో గడి చేర్చారు. "ఈ రోజు మందు వేసుకున్నాను" అని నేను పంపగానే, ఇరవై కిలోమీటర్లు పరుగెత్తిన వారికి చెప్పినట్టే నాకూ శుభాకాంక్షలు వచ్చేవి. అవి జాలితో అన్నవి కావు. నెల తిరిగేసరికి, ఎవరి పరుగు లెక్కైనా పంపడం ఆలస్యమైతే "అక్క మాత్రలు వేసేసుకుంది, నీ సంగతేమిటి?" అని ఒకరినొకరు నిలదీసుకునేవారు.

చికిత్స ప్రారంభంలో మా డాక్టరుగారు ఒక చరిత్ర చెప్పారు. 1956లో మద్రాసులో మొదలైన ఒక అధ్యయనంలో పేదలైన క్షయ రోగుల్లో కొందరిని శానటోరియంలోనూ, మరికొందరిని వారి ఇళ్లలోనే ఉంచి, ఒకే మందులతో వైద్యం చేశారు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి ఉన్న శానటోరియం వారికీ, ఇరుకు ఇళ్లలో ఉన్నవారికీ ఫలితాల్లో పెద్ద తేడా కనిపించలేదు. ప్రపంచమంతటా శానటోరియాల కాలం ముగియడానికి 1959లో ప్రచురితమైన ఆ ఫలితాలు ఒక ముఖ్య కారణమయ్యాయి. అయితే ఇంట్లో ఉండే రోగి నెలల తరబడి మందు వదలకుండా వేసుకోవడమెలా అన్న ప్రశ్న అప్పటినుంచే ముందుకు వచ్చింది. రోగి మాత్ర మింగడాన్ని మరొకరు దగ్గరుండి చూడాలన్న పద్ధతి దాని నుంచే రూపుదిద్దుకొని, తర్వాత దేశ క్షయ నివారణ కార్యక్రమంలో భాగమైంది. నాకు ఆ చూసే కళ్లు బీచ్ రోడ్డులో ఉన్నాయి.

వాటి అవసరం నాకు రెండో నెల చివర తెలిసింది. జ్వరం పోయింది, ఆకలి పెరిగింది, దిగిపోయిన బరువు తిరిగి వస్తోంది. చాలామంది మందు ఆపేసేది సరిగ్గా ఈ దశలోనేనని ఆశా కార్యకర్త హెచ్చరించింది. క్షయ క్రిమి మిగతా బాక్టీరియాలా నిమిషాల్లో రెట్టింపు కాదు, దానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. మందు ప్రధానంగా పెరుగుతున్న క్రిమినే చంపుతుంది కాబట్టి, కదలిక లేకుండా దాగి ఉన్న వాటిని తుడిచిపెట్టడానికి అన్ని నెలలు కావాలి. జీవశాస్త్రం చెప్పే నాకు ఇదంతా తెలిసినదే. అయినా పైరజినమైడ్ వల్ల యూరిక్ యాసిడ్ పెరిగి, చీలమండలూ కాలివేళ్ల కీళ్లూ సలుపుతున్నప్పుడు, నారింజ రంగు మూత్రాన్నీ ఉదయపు వికారాన్నీ రోజూ భరిస్తున్నప్పుడు, తెలిసిన విషయం ఒక్కటే మనిషిని నిలబెట్టదు. ఆ ఉదయాల్లో నేను మాత్రలు మింగింది, అయిదు దాటితే ఆరా తీయడానికి ఒకరుంటారన్న ఎరుకతోనే. మూడో నెలలో ఆ మందు ఆగాక కీళ్ల నొప్పులు వాటంతట అవే తగ్గాయి.

తిండి విషయంలో నాకు ఏ లోటూ రాలేదు. నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగులకు నెలనెలా బ్యాంకు ఖాతాలో డబ్బు వేస్తారు; నా చికిత్స మధ్యలోనే, 2024 నవంబరు నుంచి, ఆ మొత్తాన్ని 500 నుంచి 1000 రూపాయలకు పెంచారు. జీతం ఉన్న నాకు అది ప్రాణాధారం కాదు, కానీ ఆరోగ్య కేంద్రం వరుసలో నా ముందు నిలబడిన కూలి మనిషికి అదెంత అవసరమో చూశాను. గుడ్లు, వేరుశనగలు, చోడి అంబలి, పప్పు నా రోజువారీ ఆహారమయ్యాయి. పోర్టు గుమస్తా గారి భార్య పెరటి కోళ్ల గుడ్లు పంపేవారు. వాటిని అందుకొని లోపలికి తెచ్చింది మా అత్తగారే. జబ్బు పేరు తెలిసి కూడా మా గడప తొక్కే మనుషులు ఉన్నారని ఆవిడ అప్పుడే నమ్మారు.

ఆగస్టు చివర హైదరాబాద్ మారథాన్ జరిగింది. మా బృందంలోని ఇంజనీరింగ్ అమ్మాయికి అది మొదటి హాఫ్ మారథాన్. ఆ పోటీలో ఫ్లైఓవర్లు ఎక్కి దిగడం కాళ్లను పరీక్షిస్తుంది. అందుకు ఆమె కైలాసగిరి ఘాట్ రోడ్డు మీద వారాల తరబడి సాధన చేసింది. ఆ సాధన వివరాలను మంచం మీద కూర్చొని చదివిన సాయంత్రాల్లో నాకు దుఃఖం వచ్చిన మాట నిజం, ఆ పోటీకి నేనూ పేరు ఇచ్చి ఉన్నాను. అయినా ఆమె పంపే అంకెలను నేను శ్రద్ధగా చూశాను. ఎత్తు మీద గుండె వేగం 175 దాటిన ప్రతిసారీ ఆ తర్వాతి కిలోమీటరులో ఆమె వేగం పడిపోతోందని గమనించి, ఎక్కేటప్పుడు వేగాన్ని వదిలేసి శ్వాసను మాత్రమే పట్టించుకోమని రాశాను. ఆమె 21.1 కిలోమీటర్లను రెండున్నర గంటల లోపు ముగించి, ముందుగా నాకే ఫోన్ చేసింది. "అక్కా, ఫ్లైఓవర్ల మీద నన్ను చాలామంది దాటిపోయారు, దిగేటప్పుడు వాళ్లందరినీ నేను దాటాను" అంది. పరుగెత్తలేని కాలంలో కూడా నేను ఆ బృందానికి పనికివస్తానని ఆ ఫోనుతో నాకు నమ్మకం కుదిరింది.

నా నడక సెప్టెంబరులో మొదలైంది. అంతకుముందే మూడు బంతుల స్పైరోమీటరుతో రోజూ శ్వాస వ్యాయామం చేస్తూ వచ్చాను. మొదట ఒక్క బంతి లేవడమే కష్టంగా ఉండేది, తర్వాత మూడోది కూడా కాసేపు పైన నిలిచింది. డాక్టరు అనుమతించాక నాలుగు నిమిషాల నడక, ఒక నిమిషం పరుగు చొప్పున ప్రారంభించాను. మాట్లాడుతూ పూర్తి వాక్యం చెప్పలేకపోతే అక్కడే ఆపాలన్నది షరతు. దానిని పాటింపజేయడానికి మాస్టారు నా పక్కన నడుస్తూ తన రైల్వే ఉద్యోగపు సంగతులు అడిగించుకొని మరీ చెప్పేవారు. బృందంలో అందరికంటే వేగంగా పరుగెత్తే స్టీలు ప్లాంటు తమ్ముడు తన విశ్రాంతి రోజుల్ని నా నడకతో గడిపేవాడు. ఆ ఏడాది నేవీ మారథాన్‌లో నేను పరుగెత్తలేదు. మావాళ్లు వచ్చే దారిలో నిలబడి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి చప్పట్లు కొట్టాను.

చికిత్స డిసెంబరు చివర ముగిసింది. ఆఖరి ఎక్స్‌రేలో కుడివైపు అడుగున పొర కొద్దిగా మందంగా మిగిలిందని, నీరు లేదని, పరుగుకు అడ్డు లేదని చెప్పారు. పెద్దగా గాలి పీల్చినప్పుడు ఆ పక్క ఇప్పటికీ కొంచెం పట్టినట్టు ఉంటుంది. మరుసటి ఏడాది వేసవికి నేను ఆగకుండా పది కిలోమీటర్లు పరుగెత్తగలిగాను. పూర్వపు వేగం ఇంకా రాలేదు, దాని గురించి తొందర లేదు. మాస్టారు పట్టికలో మాత్రల గడిని తొలగించలేదు. ఇప్పుడు ఆ గడిలో పోర్టు గుమస్తా గారి రక్తపోటు మాత్రలు, కొత్తగా చేరిన ఒకామె రక్తహీనతకు వాడే ఐరన్ మాత్రలు నమోదవుతున్నాయి, వాటికీ సాయంత్రాలు శుభాకాంక్షలు వస్తున్నాయి. ఎవరికైనా ఉదయపు నాడి వరుసగా వారం రోజులు తన మామూలు లెక్క కంటే పది దాటి ఉంటే పరుగు ఆపి డాక్టరుకు చూపించుకోవాలని కొత్త నియమం పెట్టుకున్నాము, మొన్న ఆ నియమం ప్రకారమే ఒకరిని రక్త పరీక్షకు పంపించాము.